థైరాయిడ్ బోర్డర్‌లో, విటమిన్ డీ తక్కువ, పొట్ట ఎక్కువ: ఏది దేనికి కారణం?

మా వదిన ఆ మధ్య వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, కింద "ఇవేంటో కాస్త చూడవా, టెన్షన్‌గా ఉంది" అని పెట్టింది. వాళ్ల ఆఫీసులో ఏటా చేయించే ఫుల్ బాడీ చెకప్ రిపోర్టు అది. పద్నాలుగు పేజీలు. నేను డాక్టర్ని కాదు. ఆరోగ్యం మీద చదివి రాసే అలవాటు ఉందని ఇంటిల్లిపాది రిపోర్టులూ నా ఫోన్‌కే వస్తాయి.

ఆమెకి 44 ఏళ్లు. రిపోర్టులో నాలుగు చోట్ల అంకెలు లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. టీఎస్‌హెచ్ 6.8, పక్కన పైకి బాణం. విటమిన్ డీ 14, కిందికి బాణం. రక్తంలో తిరిగే కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 188, మళ్లీ పైకి బాణం. పరగడుపు షుగర్ 106, అదీ పైకే.

నేను చూసేలోపే ఆమెకి సలహాలు అందిపోయాయి. "థైరాయిడ్ వల్లే ఒళ్లు వస్తోంది, అది సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని ఆఫీసులో ఒకావిడ. "డీ తక్కువైతేనే థైరాయిడ్ దెబ్బతింటుంది" అని ఒక రీల్. "ముందు షుగర్ సంగతి చూడు" అని మా అన్నయ్య. తలా ఒక అంకె పట్టుకుని, మిగతా వాటన్నిటికీ అదే మూలమన్నారు. నాలుగూ ఒకే కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటి దొంగ, మిగిలినవి వాడి అనుచరులు అనుకోవడం సహజమే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఇవి కలిసి తిరుగుతాయన్నది నిజం. ఎవరు ఎవర్ని లాక్కెళుతున్నారన్నది వేరే లెక్క.

మేస్త్రీ గొంతు పెంచాడు

థైరాయిడ్ గ్రంథి తనంతట తాను పనిచేయదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దానికి మేస్త్రీ. ఆ మేస్త్రీ వేసే కేకే టీఎస్‌హెచ్. కేక విని థైరాయిడ్ టీ4 అనే హార్మోన్ తయారుచేస్తుంది. అది ఒంట్లో టీ3గా మారి, గుండె వేగం దగ్గర్నుంచి పేగుల కదలిక దాకా అన్నిటినీ నడిపిస్తుంది. పని సరిగ్గా జరుగుతుంటే మేస్త్రీ మెల్లగా మాట్లాడతాడు. పని మందగిస్తే గొంతు పెంచుతాడు.

టీ4 పడిపోయి, టీఎస్‌హెచ్ బాగా పెరిగితే అది పూర్తిస్థాయి హైపోథైరాయిడిజం. మా వదిన సంగతి అది కాదు. ఆమె ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరుగుతూ పనికొచ్చే టీ4, 1.1. అది మామూలే. మేస్త్రీ గొంతు పెరిగింది కానీ పని ఆగలేదు. దీన్నే డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. జనం భాషలో "థైరాయిడ్ బోర్డర్‌లో ఉంది". ఈ మేస్త్రీ చెవి మహా పదును. టీ4 పిసరంత తగ్గినా టీఎస్‌హెచ్ కొన్ని రెట్లు ఎగబాకుతుంది. అందుకే 6.8 అన్న అంకె చూడగానే కనిపించేంత పెద్ద తేడా ఒంట్లో ఉండకపోవచ్చు.

చాలా ల్యాబులు టీఎస్‌హెచ్‌కి పై హద్దు 4 నుంచి 4.5 మధ్య పెడతాయి. అక్కణ్నుంచి 10 దాకా తేలికపాటి పెరుగుదల. 10 దాటితే కథ మారుతుంది, చాలామంది డాక్టర్లు మాత్ర మొదలుపెడతారు. వయసు మీదపడే కొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం కాబట్టి, 75 ఏళ్ల అమ్మమ్మకి 6 వస్తే ముప్ఫై ఏళ్ల మనవరాలికి వచ్చినంత కంగారు అక్కర్లేదు.

ఇదేమీ అరుదైన సంగతి కాదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో ఐదు వేలమందికి పైగా పెద్దల్ని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఈ బోర్డర్ రకం 8 శాతం మందిలో కనిపించింది. థైరాయిడ్‌ మీద ఒంటి రక్షణ వ్యవస్థే దాడి చేస్తోందని చెప్పే యాంటీ టీపీవో యాంటీబాడీలు దాదాపు 22 శాతం మందిలో ఉన్నాయి. అంటే ఐదుగురిలో ఒకరికి పైమాటే.

అయితే ఒక్క పరీక్షతో ఈ ముద్ర వేసుకోకూడదు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక శిఖరానికి చేరి, మధ్యాహ్నానికి దిగుతుంది. ఉదయం ఏడింటికి ఇచ్చిన రక్తానికీ, మధ్యాహ్నం మూడింటికి ఇచ్చినదానికీ తేడా వస్తుంది. రాత్రంతా నిద్ర లేకపోయినా, పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్నా కాసేపు పెరుగుతుంది. రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తే, చాలామందిలో ఏ మందూ లేకుండానే మామూలుకి వచ్చేస్తుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఈ రోజుల్లో ఇంటికొకరు. కొన్ని ల్యాబుల యంత్రాలు వాడే పద్ధతికి బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. ఉన్న జబ్బు దాక్కుంటుంది, లేని జబ్బు బయటికొస్తుంది. విటమిన్ డీ పరీక్షకి కూడా ఇలాంటి బెడద ఉంది, కాకపోతే దాన్ని ఎక్కువగా చూపిస్తుంది. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు బయోటిన్ మానేయాలి. ల్యాబులో రక్తం తీసే అబ్బాయి "టిఫిన్ తిన్నారా" అని అడుగుతాడు, "జుట్టు మాత్రలు వేసుకుంటున్నారా" అని నేనైతే ఒక్కసారీ వినలేదు.

బాణం ఎటు తిరిగి ఉంది

థైరాయిడ్‌కీ కొలెస్ట్రాల్‌కీ నిజంగానే చుట్టరికం ఉంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని, అంటే చెడు కొలెస్ట్రాల్‌ని, కాలేయం లోపలికి లాక్కోవాలంటే దాని కణాల మీద కొన్ని కొక్కేలు ఉండాలి. ఆ కొక్కేలు పుట్టించడంలో థైరాయిడ్ హార్మోన్‌ది పెద్ద చెయ్యి. హార్మోన్ తగ్గితే కొక్కేలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. ట్రైగ్లిజరైడ్లని కరిగించే ఎంజైమ్ కూడా మందగిస్తుంది. పూర్తిస్థాయి హైపోథైరాయిడిజంలో ఇదంతా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బోర్డర్ రకంలో ఉన్నా స్వల్పం.

ఇక్కడిదాకా విని, "చూశావా, థైరాయిడ్ వల్లే" అంది వదిన. కానీ బాణం రెండో వైపూ తిరిగి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పొట్టలో కొవ్వు కేవలం మూట కాదు. అది కూడా హార్మోన్లు వదులుతుంది. వాటిలో లెప్టిన్ అనేది మెదడుకి వెళ్లి, టీఎస్‌హెచ్‌ని పెంచమని పురమాయిస్తుంది. అంటే థైరాయిడ్‌లో లోపమేమీ లేకపోయినా, ఒళ్లు వచ్చినందుకే టీఎస్‌హెచ్ 5, 6 దాకా పోవచ్చు. బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లలో కొవ్వు కరిగే కొద్దీ టీఎస్‌హెచ్ దానంతటదే దిగిరావడం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. మనం కారణం అనుకున్నది ఇక్కడ ఫలితం.

మరి ఏది ఏదో తెలుసుకునేదెలా? ఇక్కడే యాంటీ టీపీవో పరీక్ష పనికొస్తుంది. అది పాజిటివ్ వస్తే గ్రంథిలోనే మంట రాజుకుందని అర్థం. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో తొలిసారి వర్ణించిన జబ్బు ఇదే, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో ఒకే జనాన్ని ఇరవై ఏళ్లు వెంబడించి చూశారు. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా 4 శాతానికి కొంచెం పైగా పూర్తిస్థాయి హైపోథైరాయిడిజంలోకి జారారు. యాంటీబాడీలు లేకుండా టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగినవాళ్లలో అది 2.6 శాతం. కాబట్టి యాంటీబాడీలు ఉన్నవాళ్ల మీద ఏటా ఒక కన్నేసి ఉంచాలి. లేనివాళ్లలో, అందులోనూ పొట్ట ఉన్నవాళ్లలో, కొవ్వు మీదే అనుమానం పెట్టుకోవచ్చు.

బరువు గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే "థైరాయిడ్ మనిషిని" అనే ఒక్క ముక్కతో ఎంత బరువైనా దాని ఖాతాలో వేసేయడం మనకి అలవాటు. పూర్తిస్థాయి హైపోథైరాయిడిజంలో కూడా ఆ జబ్బు వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలు. అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరే. టీఎస్‌హెచ్ 6.8 మీద పదిహేను కిలోల నింద వేయడం అన్యాయం.

సరే, ఆ తేలికపాటి లోపాన్ని మాత్రతో సరిచేస్తే మనిషికి బాగుంటుందా? దీన్ని పరీక్షించి చూశారు. 65 దాటిన 737 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, రెండో జట్టుకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. యూరప్‌లో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి అసలు మాత్ర వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ 6.4 నుంచి 3.6కి దిగింది. నీరసంలో మాత్రం రెండు జట్లకీ తేడా లేదు. సరదా ఏమిటంటే ఉత్తుత్తి మాత్ర జట్టులో కూడా టీఎస్‌హెచ్ 5.5కి దిగింది. మరుసటి ఏడాది ఇలాంటివే 21 ప్రయోగాల్ని కలిపి చూసినా అదే మాట. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, ఈ బోర్డర్ రకంలో మామూలుగా హార్మోన్ మాత్ర ఇవ్వొద్దని గట్టిగానే సిఫార్సు చేసింది. గర్భిణులకూ, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకూ ఆ మాట వర్తించదు, వాళ్ల విషయంలో డాక్టర్లు త్వరగా మాత్ర ఇస్తారు, ఇవ్వాలి కూడా. మరీ చిన్న వయసువాళ్లూ, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లూ, టీఎస్‌హెచ్ బాగా పైన ఉన్నవాళ్లూ కూడా ఆ లెక్కలోకి రారు.

"వేసుకుంటే పోయేదేముంది" అనడానికీ లేదు. మోతాదు ఎక్కువైతే పెద్ద వయసులో గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి.

ఇంత ఎండలో డీ తక్కువేంటి

మే నెలలో రెంటచింతలలో రోడ్డు మీద అప్పడం వేయించుకోవచ్చని జోకులేసుకునే మనకి విటమిన్ డీ లోపమంటే నవ్వొస్తుంది. కానీ ఇది ఎప్పుడో తేలిన విషయం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పరీక్షించారు. పొలం పనికెళ్లేవాళ్ల కంటే పట్నంవాళ్లలో డీ తక్కువ. పల్లెల్లో కూడా తక్కువున్నవాళ్లు తక్కువేం కాదు. ఎండ ఏ వేళ పనికొస్తుందని కూడా తిరుపతిలోనే పరీక్షించి చూస్తే, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే అని తేలింది. మన పెద్దలు మెచ్చుకునే లేత ఎండలో చర్మానికి కావలసిన అతినీలలోహిత బీ కిరణాలు పెద్దగా ఉండవు. ఒక తేలిక గుర్తు చెబుతాను: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే చర్మం విటమిన్ డీ చేస్తుంది.

సరిగ్గా ఆ వేళకి మా వదిన ఎక్కడుంటుంది? ఏసీ ఆఫీసులో, అద్దాల గోడ పక్కన. ఎండ మీద పడుతూనే ఉంటుంది కానీ, కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపుగా ఆపేస్తుంది. పొద్దున కారులో వెళ్లి చీకటి పడ్డాక కారులో వస్తుంది. మనది ఎండ దేశమే, మనమే ఎండలో లేము.

కానీ ఎండ ఒక్కటే కాదు, ఇక్కడ కూడా పొట్ట అడ్డొస్తుంది. విటమిన్ డీ కొవ్వులో కరిగే రకం. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే అది అందులోకి పోయి పలచబడిపోతుంది. గ్లాసులో వేసిన చెంచా పంచదారకీ, బిందెలో వేసిన చెంచా పంచదారకీ తీపి తేడా ఉన్నట్టే. జన్యువుల సాయంతో ఈ గుట్టు విప్పే ప్రయత్నం 2013లో ఒకటి జరిగింది, 42 వేలమంది మీద. బీఎంఐ పది శాతం ఎక్కువైతే డీ నాలుగు శాతం తక్కువగా ఉంటుందని తేలింది. డీ తక్కువైనందువల్ల బరువు పెరుగుతుందని మాత్రం తేలలేదు. ఇక్కడ బాణం ఒక వైపే తిరిగి ఉంది: కొవ్వు నుంచి డీ వైపు.

షుగర్ మాటేమిటి? అమెరికాలో ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బు అంచున, ఉన్న 2,423 మందిలో సగంమందికి రోజూ 4,000 యూనిట్ల డీ, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2019 నాటి ఆ ఫలితాల్లో షుగర్ జబ్బు కాస్త తక్కువమందికి వచ్చింది కానీ, అది డీ వల్లేనని ఢంకా బజాయించి చెప్పేంత తేడా లేదు. తర్వాత అలాంటి మూడు ప్రయోగాల్ని కలిపి 2023లో లెక్కేస్తే ముప్పు 15 శాతం తగ్గినట్టు వచ్చింది. ఉపయోగం ఉంది, చిన్నది. అందుకే 2024లో హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో, షుగర్ ముప్పు ఎక్కువున్న ప్రీడయాబెటిస్‌వాళ్లకి డీ ఇవ్వొచ్చన్నారు. అదే కాగితంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ డీ పరీక్ష చేసుకుంటూ పోవద్దన్నారు. 30 ఉంటేనే సరిపోతుందన్న పాత గీతని కూడా వదిలేశారు. మన ల్యాబులు ఇంకా ఆ 30నే అచ్చేస్తున్నాయి, దాంతో 24, 26 వచ్చినవాళ్లు కూడా రోగులైపోతున్నారు. మా వదిన 14 మాత్రం ఏ లెక్కన చూసినా తక్కువే.

డీకీ థైరాయిడ్‌కీ నేరుగా ఉన్న లంకె ఈ ముడులన్నిటిలో వదులుగా ఉన్నది. హషిమోటో ఉన్నవాళ్లలో డీ తక్కువగా కనబడుతుంది. డీ ఇస్తే యాంటీబాడీల అంకె తగ్గిందని కొన్ని చిన్న ప్రయోగాలు చెప్పాయి. అమెరికాలో దాదాపు 26 వేలమందికి ఐదేళ్లపాటు సాగిన ప్రయోగంలో రోజుకి 2,000 యూనిట్ల డీ వేసుకున్నవాళ్లకి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద దాడి చేసేవి, అన్నీ కలిపి 22 శాతం తక్కువగా వచ్చాయి. అది రాకుండా ఆపడం గురించి. ఉన్న థైరాయిడ్ లోపం డీతో నయమవుతుందని అందులో లేదు, రీల్ చేసినవాళ్లు ఎంత ధీమాగా చెప్పినా.

మందుల డబ్బాలో అసలు గొడవ

వీటికి వేసుకునే మాత్రలు నిజంగా ఢీకొనే చోటు ఒకటుంది, కడుపు. థైరాయిడ్ మాత్ర వేసుకునే చాలామందికి కాల్షియం, డీ కలిసిన మాత్ర కూడా ఉంటుంది. రెండూ మర్చిపోకుండా ఉండాలని పొద్దున్నే ఒకే గుక్కలో మింగేస్తారు. కాల్షియం ఆ హార్మోన్‌ని పట్టుకుని పేగులోంచి లోపలికి పోనివ్వదు. ఐరన్ మాత్రదీ అదే పని. దాంతో టీఎస్‌హెచ్ దిగదు, మోతాదు పెంచుతారు, అయినా దిగదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకైనా టిఫిన్‌కైనా అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్‌లకి నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చాక ఆరు వారాలైనా కాకుండా మళ్లీ పరీక్ష చేయించడం దండగ, ఆ మందు ఒంట్లో నిలకడకి రావడానికి అంత సమయం పడుతుంది.

డీ సాచెట్ సంగతీ అంతే. 60,000 యూనిట్ల పొడి వారానికొకటి చొప్పున, మామూలుగా ఎనిమిది వారాలు రాస్తారు. దాన్ని రోజుకొకటి అనుకుని పాలలో కలుపుకుని తాగినవాళ్లున్నారు. అది మిగిలిపోతే ఒంట్లోంచి తేలిగ్గా పోయే రకం కాదు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, ఆఖరికి కిడ్నీల దాకా వస్తుంది. ఎన్ని, ఎన్నాళ్లకొకటి అన్నది చీటీ మీద రాయించుకోండి.

రిపోర్టులో లేని అంకె

పద్నాలుగు పేజీల్లో నేను వెతికింది దొరకలేదు. నడుము కొలత. "కుట్టుమిషన్ డబ్బాలో టేపు ఉంటుంది చూడు వదినా" అన్నాను. తీసి, చీర కుచ్చిళ్లు దోపే చోట పెట్టి 84 అంది. కొలవాల్సింది అక్కడ కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలాక. మళ్లీ కొలిస్తే 92 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లకి హద్దు 80, మగవాళ్లకి 90.

షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే అంకెలు గుంపుగా కనబడితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. దానికి ఐదు గుర్తులున్నాయి. నడుము, 150 దాటిన ట్రైగ్లిజరైడ్లు, ఆడవాళ్లలో 50కి, మగవాళ్లలో 40కి తగ్గిన మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్, 130/85కి చేరిన బీపీ, 100కి చేరిన పరగడుపు షుగర్. మూడుంటే చాలు. వదినకి నడుము, ట్రైగ్లిజరైడ్లు, షుగర్ సరిపోయాయి. హెచ్‌డీఎల్ దగ్గర ఇంకో విడ్డూరం. ఆమెది 41. ల్యాబు ఆడా మగా తేడా లేకుండా 40 దాటితే చాలని అచ్చేసింది కాబట్టి దాని పక్కన ఏ బాణమూ లేదు, మామూలు అక్షరాల్లో బుద్ధిగా కూర్చుని ఉంది. ఐదింట్లో నాలుగు. ఈ మాట రిపోర్టులో ఎక్కడా లేదు. ఆమె టెన్షనంతా 6.8 మీదే.

దేశమంతటా చేసి 2023లో ప్రచురించిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వేలో పెద్దల్లో దాదాపు 40 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు హద్దు దాటి ఉంది. తేలికపాటి థైరాయిడ్ 8 శాతం. ఏది ఎక్కువ, దేని గురించి ఎక్కువ మాట్లాడుకుంటున్నాం అన్నది చూసుకోండి.

ఆమె వెళ్లిన డాక్టరమ్మ నేను భయపడినంత మందులేమీ రాయలేదు. థైరాయిడ్ మాత్ర ఇప్పుడే వద్దన్నారు. యాంటీ టీపీవో చేయిస్తే నెగటివ్ వచ్చింది. ఎనిమిది సాచెట్లు, ఆ తర్వాత రోజూ చిన్న మోతాదు డీ. రాత్రి అన్నం సగానికి, పప్పూ కూరా రెట్టింపుకి. ఆఫీసు టీలో పంచదార బంద్. భోజనం అయ్యాక ఆరుబయట ఇరవై నిమిషాలు నడక, అదీ మిట్టమధ్యాహ్నం. "నల్లబడిపోతాను" అని గొణిగింది కానీ నడిచింది.

మూడు నెలల తర్వాత అదే ల్యాబులో, అదే ఉదయం వేళకి రక్తం ఇచ్చింది. జుట్టు మాత్రలు మూడు రోజుల ముందే ఆపించాను. నడుము 88. ట్రైగ్లిజరైడ్లు 152. షుగర్ 99. డీ 31. టీఎస్‌హెచ్ 4.9. ఈ చివరి అంకె నడుము తగ్గినందుకు తగ్గిందో, ఆ ఉత్తుత్తి మాత్ర జట్టులో లాగా ఊరికే తగ్గిందో ఎవరూ చెప్పలేరు. నేను ఈ మాట ఎంత చెప్పినా వినకుండా మా వదిన క్రెడిట్ అంతా సాచెట్లకిచ్చి, వాటి పేరు ఆఫీసులో ఆవిడకి కూడా ఫార్వర్డ్ చేసింది.